నంబరు కలవని బోల్టు

తెనాలి,
ఫిబ్రవరి 5, 2024.

సుశీలక్కకు వందనాలు.

బావ కాలు ఏమైనా కదులుతోందా? పక్షవాతానికి తైలం పట్టించే మనిషి వస్తున్నాడా, మానేశాడా? ఫోను చేద్దామంటే నీ గొంతు నాకు అందదు. చిన్నప్పుడు జ్వరంలో కుడిచెవి ఎలాగూ పోయింది. ఇప్పుడు ఎడమది కూడా వయసుకు ముందే అలసిపోతోంది. నువ్వేమో ఫోనులో కూడా ప్రార్థన చేస్తున్నట్టే మాట్లాడతావు. అందుకే ఈ ఉత్తరం.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. రొయ్యల మేత వసూళ్ళకు నిజాంపట్నం వైపు డబ్బుతో తిరుగుతానని నాకు తుపాకీ లైసెన్సు ఇచ్చారు కదా. ఆ లైసెన్సు మీదే నాలుగేళ్ళుగా పాత వేట రైఫిళ్ళు కొంటున్నాను. కాల్చడానికి కాదు. తూటా తూటాకీ చేత్తో బోల్టు లాగి మూసే దొరల కాలం నాటి రైఫిళ్ళు. విదేశాల నుంచి రావడం ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది కాబట్టి, ఉన్నవాటి ధర ఏటేటా పెరుగుతోంది. ఒక మనిషికి రెండే ఉండాలి గనక ఒకటి అమ్మి ఇంకొకటి కొంటాను. పొలం కంటే నయం అక్కా, గట్టు జరిపేవాడు ఉండడు.

అసలు విషయానికొస్తాను. దుగ్గిరాలలో ఒక పసుపు వ్యాపారి చనిపోతే, ఆయన పిల్లలు రైఫిలును ఇక్కడి డీలరు హనీఫ్ గారి దగ్గర అమ్మకానికి పెట్టారు. గొట్టం మీద నంబరు చూసి ఇంటికొచ్చి నాన్న పాత లైసెన్సు పుస్తకం తీశాను. అదే నంబరు. మిషను డాక్టరు దొర దేశం వెళ్ళిపోతూ నాన్న పేరున రాసిచ్చిన రైఫిలు. పిట్టలవానిపాలెంలో మన అరుగు మీద, నాన్న చేతిలో పేలి పక్క పొలం సుందరయ్యను చంపిన రైఫిలు. కోర్టు జప్తు చేసి వేలం వేస్తే ఆ వ్యాపారి కొన్నాడట.

కొన్నాను. నీకు కోపం వస్తుందని తెలుసు. ఇనుముకు పాపం ఉండదక్కా. పాపం పట్టుకున్న చేతిది.

ఒకటే చిక్కు. ఇలాంటి వాటిలో గొట్టం మీదా బోల్టు మీదా ఒకే నంబరు ఉండాలి. దీనికున్న బోల్టు ఎక్కడిదో తెచ్చి తగిలించింది. హనీఫ్ గారు చూసి నవ్వాడు. "మంగళసూత్రం ఒకరిది, మొగుడు ఇంకొకరు సార్. కాపురం నడుస్తది గానీ పదిమందిలో చెప్పుకోలేం." అసలు బోల్టు తెస్తే ధర రెట్టింపు దాటుతుందట. హైదరాబాదులో కొనేవాడు కూడా ఉన్నాడు.

భయమేసి బోల్టు కాలవలో విసిరేశానని నాన్న పోలీసులకు చెప్పాడు కదా. ఏ చోట విసిరాడో నీకెప్పుడైనా చెప్పాడా? ఏప్రిల్లో కాలవ కట్టేశాక అయస్కాంతంతో వెతికిస్తాను. నీళ్ళలో పడ్డ మంచి ఉక్కు మట్టిలో కూరుకుపోతే అంత తొందరగా చావదు.

నీ మరదలు రూబీ నిన్ను అడిగానని రాయమంది.

నీ తమ్ముడు,
వరప్రసాదం.

*

రేపల్లె,
ఫిబ్రవరి 14, 2024.

ప్రియమైన తమ్ముడు వరప్రసాదానికి ప్రభువు నామమున శుభములు.

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మీ బావకు మంచం పుళ్ళు కాకుండా గంటకోసారి ఒత్తిగించాలి, అందుకని రాయలేదని అనుకో. నిజానికి నీ ఉత్తరం దిండు కింద పెట్టుకొని, ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను.

ఇవాళ బూడిద బుధవారం. పొద్దున్నే గుడికెళ్ళి వచ్చాను. అయ్యగారు నుదుట బూడిద పెడుతుంటే నాకు నీ ఉత్తరమే గుర్తొచ్చింది.

ప్రసాదూ, ఆ రైఫిలు ఎవరిదో వారికి తిరిగిచ్చేయి. నీకు వ్యాపారంలో లోటు లేదు. రూబీ మంచి పిల్ల. దేవుడిచ్చినది చాలు. ఆ వస్తువును ఇంట్లో ఏ గదిలో పెట్టావు? పడుకునే గదిలో పెట్టకు.

బోల్టు సంగతి నాకేం తెలుస్తుంది? కాలవలో పడిందని అందరూ అన్నారు, అంతే. పోలీసులే రెండు రోజులు మనుషుల్ని దింపి వెతికారు. ముప్పై అయిదేళ్ళలో కాలవలో ఎన్నిసార్లు పూడిక తీశారో. వెతికించకు. మనిషిని నీళ్ళలో దింపడం మంచిది కాదు.

నీకు వీలైతే మీ బావకు ఆ తైలం సీసాలు రెండు పంపు. ఇక్కడ దొరకడం లేదు.

నీ క్షేమం కోరే
సుశీల.

*

తెనాలి,
ఫిబ్రవరి 26, 2024.

అక్కకు వందనాలు.

తైలం సీసాలు మీ ఊరి బస్సు కండక్టరు చేతికిచ్చాను, అందాయనుకుంటాను.

కట్టేసిన కాలవలో మనిషిని దింపితే మోకాలు కూడా తడవదు. నువ్వు దేనికి భయపడుతున్నావో నాకు అర్థం కాలేదు. రైఫిలు హాల్లో ఇనుప బీరువాలో ఉంది.

నీకొక వింత చెప్తాను. కాగితాలు పూర్తిచేసే రోజున హనీఫ్ గారు రైఫిలు నా చేతికిచ్చి బోల్టు తియ్యమన్నాడు. నా దగ్గరున్న రెండో రైఫిలుకు పక్కన మీట ఉంటుంది, అది నొక్కితే బోల్టు వస్తుంది. దీనికి మీట లేదు. నేను ఏమీ ఆలోచించలేదక్కా. బోల్టు పిడి పైకెత్తాను, ట్రిగ్గరు నొక్కి పట్టుకొని వెనక్కి లాగాను. బోల్టు నా అరచేతిలోకి వచ్చేసింది.

హనీఫ్ గారు కళ్ళజోడు తీసి నా వంక చూశాడు. "ఈ రకం మీకెవరు నేర్పారండి? దీన్ని ట్రిగ్గరు పట్టుకొని లాగాలని నాకే పుస్తకం చూస్తే గానీ తెలియలేదు."

"ఎవరూ నేర్పలేదండి," అన్నాను.

"చెయ్యి అబద్ధమాడదు సార్. ఎవరో నేర్పారు," అన్నాడు.

నాన్న దాన్ని నన్ను తాకనిచ్చినట్టు కూడా నాకు గుర్తులేదు. ఆ జ్వరానికి ముందు సంగతులేవీ నాకు గుర్తులేవని నీకు తెలుసు కదా. అమ్మ ముఖం కూడా ఫొటోలో చూసిందే.

ఇంకొకటి. రైఫిలు ఇంటికొచ్చిన మూడో రోజు నుంచి కుడిచెవిలో చప్పుడు వస్తోంది. పోయిన చెవిలో. బోల్టు చప్పుడే. పిడి ఎత్తడం, లాగడం, తొయ్యడం, దించడం. నాలుగు దెబ్బలు. ఆ తరువాత ఇంకేదో మొదలవబోయి ఆగిపోతుంది. రూబీ వెల్లుల్లి నూనె కాచి పోస్తానంటోంది. డాక్టరు చూసి, ఆ చెవిలో ఏమీ వినిపించడానికి వీల్లేదన్నాడు. నేనూ అదే అన్నాను, వీల్లేదనే నేనూ అంటున్నానండి అని.

తిరిగిచ్చేయమన్నావు. నాన్న చేసిన పనికి మనం ఎంత తిన్నామో మరిచిపోయావా? బళ్ళో పిల్లలు నన్ను "తుపాకీ మాస్టారు కొడుకు" అనేవాళ్ళు. నాన్న ఉద్యోగం పోగొట్టుకొని, జైలుకెళ్ళొచ్చి, అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చునేవాడే తప్ప, ఒక్కనాడు నా కళ్ళలోకి చూసి మాట్లాడింది లేదు. సమాధి దగ్గర అందరూ పిడికెడు మన్ను వేస్తుంటే నేను వెయ్యలేదు. ఇప్పటికీ వెయ్యలేననే అనుకుంటున్నాను. ఆయన వల్ల నాకు ఒక్క రూపాయి లాభం రానీ. ఆ రైఫిలు అంతకైనా పనికిరానీ.

ప్రసాదం.

*

రేపల్లె,
మార్చి 6, 2024.

ప్రియమైన తమ్ముడికి శుభములు.

తైలం అందింది. మీ బావ నిన్న కుడికాలి బొటనవేలు కదిలించారు. నాకు చూపించడానికి పిలిచి, నేను వచ్చేసరికి మళ్ళీ కదల్చలేక నవ్వారు.

నీ చెవి గురించి ప్రార్థన చేస్తున్నాను. నరాల బలహీనత వల్ల కూడా అలా వినిపిస్తుందని మా వీధిలో నర్సమ్మ చెప్పింది. నిద్ర సరిగా పోతున్నావా?

నాన్నను గురించి నువ్వు రాసింది చదివి ఆ కాగితాన్ని రెండుసార్లు మడత పెట్టేశాను. నాన్న నిర్లక్ష్యపు మనిషి కాదు ప్రసాదూ. మిషను బళ్ళో ఇరవై ఏళ్ళు పంతులుగా చేసి ఒక్క పిల్లవాణ్ణి కూడా బెత్తంతో కొట్టలేదు. ఆ రైఫిలును పొలాల మీదకు పందులు దిగినప్పుడు గాల్లోకి కాల్చి తోలడానికే వాడేవాడు. ఇంటికి రాగానే మొదట బోల్టు తీసి, గోడ గూట్లో బైబిలు పక్కన పెట్టి, చెక్క తలుపు వేసేవాడు. "ఇనుము ఒకచోట, దాని ప్రాణం ఒకచోట" అనేవాడు. అది పూర్తయ్యేదాకా మనకు అన్నం పెట్టనిచ్చేవాడు కాదు. అటువంటి మనిషి.

సుందరయ్య భార్య కొండమ్మ ఇంకా పిట్టలవానిపాలెంలోనే కూతురి దగ్గర ఉంది. గతేడాది సువార్త కూటాలకు వెళ్ళినప్పుడు బస్టాపులో చూశాను. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. నీళ్ళ వంతు దగ్గర పడ్డ తగువుకి నాన్న కావాలనే కాల్చాడని ఆమె నమ్మకం. అప్పుడామెకు ముప్పై నాలుగేళ్ళు. ఆమెను తలుచుకోకుండా నా ప్రార్థన పూర్తవదు.

అందుకే చెప్తున్నాను. ఆ వస్తువు మీద లాభం మనకొద్దు.

నీ అక్క
సుశీల.

*

తెనాలి,
మార్చి 24, 2024.

అక్కా,

ఎన్నికలు ప్రకటించారు కాబట్టి లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవాలి. పంతొమ్మిదో తారీఖున రెండూ ఇచ్చేశాను. ఇంట్లో లేకపోతే చెవి ఊరుకుంటుందని ఆశపడ్డాను.

ఊరుకోలేదు. ఇంకా పెరిగింది. నాలుగు దెబ్బల తరువాత ఆగిపోయేదని రాశాను కదా, ఇప్పుడు ఆగడం లేదు. ఒక మగమనిషి గొంతు వస్తోంది. "ఏడవమాక బాబూ. ఏం కాలా. ఏడవమాక." అంతే. ఎవరిదో తెలియదు. నాన్నది కాదు. భోజనం దగ్గర, కొట్లో బస్తాలు లెక్కపెడుతున్నప్పుడు, ఎప్పుడంటే అప్పుడు. నిన్న ఒక రైతు నా ఎదురుగా నిలబడి రేటు అడుగుతుంటే నేను ఆయనతో "నేను ఏడవట్లేదండి" అన్నాను. పాపం, చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. నీకు తెలియకుండానే నువ్వొక మాట రాశావు. నాన్న ఇంటికి రాగానే ముందు బోల్టు తీసి గూట్లో పెట్టేవాడన్నావు. సుందరయ్య చచ్చింది మన అరుగు మీద. మరి గూట్లోకి వెళ్ళాల్సిన బోల్టు, ఫర్లాంగు దూరంలో ఉన్న కాలవలోకి ఎలా వెళ్ళింది? మనిషి నెత్తురోడుతుంటే వదిలేసి కాలవ దాకా పరిగెత్తాడా?

నాకు నిద్రపట్టక కోర్టుకు వెళ్ళి పాత తీర్పు నకలు తీయించాను. జడ్జీ గారు కూడా ఇదే అడిగారు. ప్రమాదమే అయితే బోల్టు దాచాల్సిన అవసరం ఏమిటని. దానికి నాన్న జవాబు చెప్పలేదని రాసి ఉంది. ఆ ఒక్కదాని వల్లనే శిక్ష రెండేళ్ళకు పెరిగింది.

ఇన్నాళ్ళూ ఆయన చేతకానివాడని అనుకున్నాను. ఇప్పుడు అంతకంటే పెద్ద మాట నోటిదాకా వస్తోంది. కొండమ్మ అన్నదే నిజమా? నువ్వప్పుడు పదోతరగతి. ఇంట్లోనే ఉన్నావు. నీకు తెలుసు.

ఏప్రిల్ పదికి కాలవ కట్టేస్తారు. నలుగురు మనుషుల్ని మాట్లాడాను. బోల్టు దొరికితే దాని నంబరు పట్టుకొని ముందు కొండమ్మ దగ్గరికే వెళ్ళి, మా నాన్న హంతకుడని నా నోటితో చెప్పి వస్తాను. అప్పుడైనా ఈ గొంతు వదులుతుందేమో.

ప్రసాదం.

*

రేపల్లె,
మార్చి 30, 2024.

తమ్ముడూ,

కాలవలో మనుషుల్ని దింపకు. బోల్టు అక్కడ లేదు. నా దగ్గర ఉంది.

నిన్న శుభ శుక్రవారం. మూడు గంటల ఆరాధనలో కూర్చున్నాను గానీ ఒక్క ప్రసంగం నా తలకెక్కలేదు. నేను బైబిలు మీద చెయ్యి వేసి నాన్నకు ఒక మాట ఇచ్చాను. ముప్పై అయిదేళ్ళు నిలబెట్టుకున్నాను. ఆ మాట నిలబెట్టుకుంటే నువ్వు వెళ్ళి చనిపోయిన నాన్నను హంతకుడంటావు. తప్పితే నిన్ను నా చేత్తో నేనే గాయపరుస్తాను. రెండింటి మధ్యా కూర్చొని సాయంత్రం దాకా ఏడ్చి, ఇప్పుడు రాస్తున్నాను. ఆపకుండా రాస్తాను. ఆగితే మళ్ళీ రాయలేను.

నవంబరు నెల. చేలు పండటానికొచ్చాయి. తెల్లవారుజామున నాన్న, సుందరయ్య పందుల్ని తోలడానికి వెళ్ళి పొద్దెక్కాక తిరిగొచ్చారు. నాన్న రైఫిలును అరుగు మీద మంచానికి ఆనించి, కాళ్ళ బురద కడుక్కోవడానికి పెరట్లో పంపు దగ్గరికి వెళ్ళాడు. గొట్టంలో ఒక తూటా మిగిలి ఉందని మరిచిపోయాడు. నాన్న తప్పు ఏమైనా ఉంటే అదొక్కటే. సుందరయ్య మెట్టు మీద కూర్చొని చీపురుపుల్లతో కాలివేళ్ళ మధ్య మట్టి తీసుకుంటున్నాడు. నేను లోపల టీ వడపోస్తున్నాను. సుందరయ్య నీతో వేళాకోళమాడుతున్నాడు. "ఏంటి చిన్న మాస్టారూ, పందేదని చూత్తన్నావా? మీ నాన్న పేలిత్తే కొంగలన్నీ లేచినయ్యి గానీ పంది మటుకు లేవలా." నువ్వు పగలబడి నవ్వావు. నీకు తొమ్మిదేళ్ళు.

అంతకు వారం ముందే నాన్న నీకు ఖాళీ రైఫిలు మీద బోల్టు తియ్యడం నేర్పాడు. నీకు రెండు రోజుల్లో వచ్చేసిందని నాకు గొప్పగా చెప్పాడు. ఆ ఉదయం నాన్నకు సాయం చేద్దామనుకున్నావు. బోల్టు గూట్లో పెడితేనే అందరికీ అన్నం కదా, నీకు ఆకలిగా ఉంది.

నువ్వు చెడ్డపని చెయ్యలేదు ప్రసాదూ. చెప్పిన పని చేశావు. వరస ఒక్కటే తప్పింది. ముందు పిడి ఎత్తాలి, ఆ తరువాత ట్రిగ్గరు. నువ్వు ముందు ట్రిగ్గరు నొక్కావు.

నేను గ్లాసులు పడేసి గుమ్మంలోకి వచ్చేసరికి నువ్వు నాకు ఎదురుగా నడిచి వస్తున్నావు. మిగతాదంతా సరిగ్గా నేర్పినట్టే చేశావు. బోల్టు తీసి, రెండు చేతులతో పట్టుకొని, నన్ను దాటుకొని వెళ్ళి, గూట్లో బైబిలు పక్కన పెట్టి, చెక్క తలుపు వేశావు. అప్పుడు పడిపోయావు. పది రోజుల జ్వరం. లేచాక నీకు ఏదీ గుర్తులేదు. చెవి పోయింది జ్వరానికి కాదు.

పోలీసులు వచ్చేలోపల నాన్న నన్ను గూటి దగ్గరికి లాక్కుపోయి బైబిలు మీద చెయ్యి పెట్టించాడు. "నేర్పింది నేను. తూటా మర్చిపోయింది నేను. చెయ్యి ఒక్కటే వాడిది. ఆ చెయ్యి కూడా నాదే అనుకుందాం. వాడికి ఎప్పటికీ తెలియకూడదమ్మా," అన్నాడు.

ఇంతవరకు నీ సంగతి. ఇక నాది.

నాన్న వెళ్ళి సుందరయ్య దగ్గర కూర్చున్నాడు. నేను గూడు తెరిచాను. బోల్టు మీద నీ వేలిముద్రలు ఉంటాయని, వాటిని చూసి పోలీసులు నిన్ను పట్టుకుపోతారని నాకు అనిపించింది. తుడిచి పెట్టేసినా సరిపోయేది. నాకు తోచలేదు. తీసి బియ్యం డబ్బాలో అడుక్కి దూర్చాను. ఇనస్పెక్టరు "బోల్టేది?" అని అడిగితే నాన్న లేచి గూడు తెరిచాడు. ఖాళీ. నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. నాన్న గూడు మూసి, "భయమేసి కాలవలో విసిరేశానండి" అన్నాడు.

నువ్వు తీర్పులో చదివిన రెండేళ్ళు నేను వేసినవి. జడ్జీ గారు అడిగినప్పుడు నాన్న జవాబు చెప్పకపోవడానికి కారణం నేను. అప్పటికైనా తెచ్చి ఇచ్చి ఉంటే ప్రమాదమని వదిలేసేవారేమో. నాకు ధైర్యం చాలలేదు. నాన్న జైలు నుంచి వచ్చాక ఒక్కసారి కూడా దాన్ని గురించి అడగలేదు. నీ కళ్ళలోకి ఎందుకు చూడలేదో ఇప్పుడు తెలిసిందా? చూస్తే చెప్పేస్తానేమోనని.

పెళ్ళయినప్పుడు నా ట్రంకుపెట్టె అడుగున అమ్మ పాత రవిక గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాను. ఏటా శుభ శుక్రవారం నాడు తీసి కుట్టుమిషను నూనె రాసి మళ్ళీ చుడతాను. ఎందుకో అడగకు. తుప్పు పట్టనివ్వడానికి నాకు చెయ్యి రాలేదు. నిన్న కూడా రాశాను. మీ బావకు ఇప్పటికీ తెలియదు.

నీ చెవిలో మాట ఎవరిదో నాకు తెలియదు. నేను గుమ్మంలోకి వచ్చేసరికే సుందరయ్య మాట్లాడే స్థితిలో లేడు. అంతకు ముందు అక్కడ ఉన్నది నువ్వొక్కడివే.

నన్ను క్షమించు. నేను ఎవరిని అడగాలో కూడా తెలియడం లేదు.

సుశీల.

*

తెనాలి,
ఏప్రిల్ 8, 2024.

అక్కా,

ఉత్తరం అందింది.

మనుషుల్ని వద్దన్నాను.

ప్రసాదం.

*

రేపల్లె,
మే 17, 2024.

ప్రియమైన తమ్ముడికి,

మనుషుల్ని వద్దన్నానని నువ్వు రాశాక ఇది నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. నువ్వు దేనికీ జవాబు రాయలేదు. రూబీకి ఫోను చేస్తే "అన్నం తింటున్నారు వదినా, మాట్లాడటం లేదు" అంది. కొట్లో కూర్చుంటున్నాడా అంటే కూర్చుంటున్నావట. చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకొని వాటినే చూస్తున్నావట.

నువ్వు నన్ను తిట్టు. తిట్టి అయినా రెండు ముక్కలు రాయి. నేను చెప్పకుండా ఉండాల్సిందేమో. నాన్న తొడుక్కున్న నిందను నేను విప్పి నీకు తొడిగానేమో. రోజూ అదే అనుకుంటూ మోకాళ్ళ మీద ఉంటున్నాను.

బోల్టు ట్రంకులోనే ఉంది. నీది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకో. దానితో ఏం చేస్తావని నేను అడగను.

నీ అక్క.

*

బాపట్ల,
జూన్ 20, 2024.

సుశీలక్కకు వందనాలు.

ఆదివారం మీ ఇంటికి వచ్చినప్పుడు నీతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేకపోయాను. నువ్వు ట్రంకు తెరిచి ఆ గుడ్డమూట నా చేతిలో పెట్టి, వెంటనే బావకు జావ కాచే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయావు. మంచిదే అయింది. ఇప్పుడు బాపట్ల బస్టాండు ఎదురుగా లాడ్జిలో కూర్చొని రాస్తున్నాను. నిన్న పిట్టలవానిపాలెం వెళ్ళాను.

ముందు ఇది విను. ఎన్నికలయ్యాయి, అందరూ స్టేషనుకెళ్ళి తుపాకులు తెచ్చుకుంటున్నారు. నేను వెళ్ళి రెండూ నాకొద్దని, లైసెన్సు కూడా వదులుకుంటానని రాసిచ్చాను. రైటరు నన్ను ఎగాదిగా చూశాడు. "మతి ఉండే ఇస్తున్నారా సార్? ఇది లక్షలు చేసే మాలు," అన్నాడు. ఉండే ఇస్తున్నానండి, ఇప్పుడే వచ్చింది అన్నాను. హైదరాబాదు మనిషి ఫోను మీద ఫోను చేస్తున్నాడు, తీయడం లేదు. బోల్టు కూడా రేపు స్టేషనులో ఇచ్చేస్తాను. దానికంటే ముందు ఒక చోటికి తీసుకెళ్ళాలనిపించింది.

కొండమ్మ పెద్దదైపోయింది. వాకిట్లో నులకమంచం మీద కూర్చొని చింతపండు పిక్కలు తీస్తోంది. నేను ఎవరినో చెప్పగానే చేతిలోది పళ్ళెంలో పడేసింది.

"డేనియల్ మాస్టారు కొడుకువా? ఏంటి, మళ్ళీ ఎవర్ని చంపడానికొచ్చావు?"

"ఎవర్నీ కాదమ్మా. ముందు చంపినవాణ్ణి చూపించడానికొచ్చాను."

ఎదురుగా నేల మీద కూర్చొని అంతా చెప్పాను. నువ్వు రాసింది రాసినట్టే. నీ బియ్యం డబ్బా కూడా. చెప్పకూడదేమో గానీ, ఈసారి ఏదీ దాచదలచుకోలేదు. ఆవిడ కూతురు గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. ఆవిడ ఏడవలేదు. ఆ తరువాత, "ఏదీ, అదిటియ్యి" అని చెయ్యి చాపింది.

గుడ్డ విప్పి బోల్టు ఇచ్చాను. నీ నూనెకు ఇంకా తళతళలాడుతోంది. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకొని బరువు చూసింది. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకొని చూసింది.

"ఇంతేనా?" అంది. "ఇంత ముక్కేనా? ఇన్నేళ్ళూ నేనెంతో అనుకున్నా."



"మీ నాన్న బతికున్నన్నాళ్ళూ ఏటా కోతలప్పుడు బస్తా బియ్యం మా గుమ్మంలో దించి పోయేవోడు. తలెత్తేవోడు కాదు. నేనొక్క గింజ తినలా. బాతులకేశా," అంది. మళ్ళీ తనే, "తినాల్సిందేమో," అంది.

అప్పుడు అడిగింది, నన్ను ఇంతవరకు ఎవరూ అడగనిది. "పోయేముందు ఆయన ఏవన్నా అన్నాడా? మాస్టార్ని కూడా అడిగా. తెలీదన్నాడు. నువ్వు దగ్గరున్నావుగా."

అక్కా, నా చెవిలో గొంతు ఎవరిదో నీ ఉత్తరం చదివిన రోజే నాకు తెలుసు. తెలిసీ నమ్మలేదు. నేను కాల్చిన మనిషి నన్నే ఓదార్చాడని ఎలా నమ్మాలి?

"అన్నాడమ్మా," అన్నాను. "ఏడవమాక బాబూ, ఏం కాలా, ఏడవమాక అన్నాడు. నేను ఏడుస్తున్నానని."

ఆవిడ బోల్టును ఒళ్ళో పెట్టుకొని చీర చెంగు కప్పింది. "ఆయనే," అంది. "పిల్లలు ఏడిత్తే ఊరుకోలేడు. ఈ పిల్ల పుట్టినప్పుడు కూడా ఇదే మాట. ఆయనే." అప్పుడు ఏడ్చింది. కూతురు వచ్చి పట్టుకుంది. నేను అక్కడే కూర్చున్నాను. పొమ్మని అనలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకొని బోల్టు నా చేతిలో పెట్టి, "చింతపండు పచ్చడి నూరతాను, తినిపో" అంది. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. రెండు ముద్దలు తిన్నాను.

అక్కడి నుంచి సమాధుల దొడ్డికి వెళ్ళాను. నాన్న సమాధి మీద గడ్డి పెరిగింది. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా పిడికెడు మన్ను తీసుకున్నాను. ఈ చేత్తో వెయ్యొచ్చా అని ఒక్క నిమిషం చూసుకున్నాను. "ఆ చెయ్యి కూడా నాదే అనుకుందాం" అన్నాడని రాశావు కదా. వేశాను.

నువ్వు వేసిన రెండేళ్ళ గురించి రాశావు. బియ్యం డబ్బాలో దాచింది నన్ను. దానికి నిన్ను క్షమించడానికి నేనెవర్ని? దసరా సెలవులకు రూబీతో కలిసి వచ్చి నాలుగు రోజులుంటాను, బావను నేను ఒత్తిగిస్తాను, నువ్వు పడుకో.

చెవి ఊరుకుంది. కొండమ్మకు ఆ మాట చెప్పినప్పటి నుంచి మళ్ళీ రాలేదు. ఎవరి మాట వారికి చేరింది కాబట్టి వెళ్ళిపోయిందేమో. ఇవాళ పొద్దున ఈ గదిలో కూర్చొని, నాన్న తలదించుకొని ఒకరి గుమ్మంలో బియ్యం బస్తా దించడం తలుచుకున్నాను. ఏడుపొచ్చింది. కుడిచెవి రిక్కించి చాలాసేపు చూశాను అక్కా. ఏడవమాక అనే మనిషి ఇంక లేడు.

నీ తమ్ముడు,
వరప్రసాదం.